బైక్ షోలో ఎవరూ అడగని ప్రశ్న: ఈ బండి ఎంత దూరంలో ఆగుతుంది?

ఈ ఎపిసోడ్ జులైలో ఒక శని, ఆదివారాల ముచ్చట. శనివారం లింగాల నుంచి గండికోట దాకా రైడు, ఆదివారం బెంగళూరులో జావా బండ్ల పండగ. రెండు రోజుల్లో చాలా చూసినాం, చాలా షూట్ చేసినాం. కానీ చెప్పాలనుకున్న విషయం మాత్రం ఒక్కటే. వీడియో చూసే తీరిక లేనివాళ్ళ కోసం ఎప్పటిలాగే ఇక్కడ రాసి పెడుతున్నాం.

ఎప్పుడైనా బైక్ షోకి పోతే ఒక పక్కన నిలబడి జనం మాటలు వినండి. ప్రతి బండి దగ్గరా అవే మూడు ప్రశ్నలు. ఎన్ని సీసీ? ఎంత స్పీడు పోతుంది? లీటరుకు ఎంత ఇస్తుంది? మా ఊర్లో టీ అంగడి ముందర కొత్త బండి ఆగినా ఇవే ప్రశ్నలు, గోవాలో లక్షల రూపాయల బండి ముందర నిలబడినా ఇవే ప్రశ్నలు. అన్నీ పోవడం గురించే. ఇది ఎంత దూరంలో ఆగుతుంది అని అడిగినోడిని నేనింతవరకు చూడలా.

ఇదేదో తమాషాకు అంటున్న మాట కాదు. కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 44.5 శాతం టూవీలర్ మీద ఉన్నవాళ్ళు. అంటే దగ్గర దగ్గర సగం. కారు కొనేవాడు బ్రేకులు, ఎయిర్‌బ్యాగులు అడిగి కొంటున్నాడు. చుట్టూ ఏ రేకూ లేకుండా గాలిలో కూర్చొని పోయే మనం మాత్రం మైలేజీ అడిగి కొంటున్నాం. అందుకే ఈ వారం మొత్తం ఆగడం గురించే.

షోలు ఎన్ని రకాలు

బైక్ షో అంటే ఒకటే రకం కాదు. కంపెనీలు కొత్త బండ్లు చూపించేవి ఒక రకం. ఇటలీలో మిలాన్ నగరంలో జరిగే ఐక్మా 1914లో మొదలైంది, మన ఢిల్లీ ఆటో ఎక్స్‌పో 1986లో మొదలైంది. అక్కడ బండి తళతళలాడుతూ స్టాండు మీద ఉంటుంది, మనం చుట్టూ తిరిగి ఫొటో తీసుకుంటాం.

రెండో రకం పండగలు. 2013లో గోవాలో మొదలైన ఇండియా బైక్ వీక్ అలాంటిది. రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ళు గోవాలో జరిపే రైడర్ మేనియా ఇంకొకటి, ఇప్పుడు దాని పేరు మోటోవర్స్. పాటలు, తిండి, రేసులు, స్టంట్లు అన్నీ ఉంటాయి. మూడో రకం, ఒకే బండిని ప్రేమించే క్లబ్బులవాళ్ళు కలుసుకునేవి. జులై రెండో ఆదివారం జరిగే జావా డే అట్లాంటిది. ఇంకా 2012లో సిడ్నీలో మొదలైన డిస్టింగ్విష్డ్ జెంటిల్‌మన్స్ రైడ్ లాంటివి ఉన్నాయి. అందులో సూటూ బూటూ వేసుకొని పాత బండ్ల మీద ఊరు చుట్టి, మగవాళ్ళ ఆరోగ్యం కోసం విరాళాలు పోగుచేస్తారు. హైదరాబాదులో, బెంగళూరులో కూడా జరుగుతుంది.

నాకు మూడో రకమే ఇష్టం. ఎందుకంటే అక్కడ బండి పక్కన సేల్స్‌మన్ ఉండడు, దాన్ని ముప్పై నలభై ఏళ్ళు నడిపిన మనిషి ఉంటాడు. ఆ మనిషి దగ్గరికి ఆదివారం పోదాం. ముందు శనివారం రోడ్డెక్కుదాం.

శనివారం: లింగాల నుంచి గండికోట

తెల్లారి వెలుగు రాగానే లింగాలలో బయల్దేరి పులివెందుల, తొండూరు, ముద్దనూరు, జమ్మలమడుగు మీదుగా గండికోట చేరినాం. గండికోట గురించి మీకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. ఎర్రమల కొండల్ని పెన్నా నది కోసుకుంటూ పోయిన లోయ, దాని అంచున కోట, లోపల మాధవరాయస్వామి గుడి, రంగనాథస్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం. అవన్నీ వీడియోలో ఉన్నాయి. ఇక్కడ మాత్రం దారి గురించి మాట్లాడుకుందాం.

మా వైపు రోడ్డు మీద బండి నడిపేవాడికి ఎదురయ్యేవేంటో చూడండి. అరటి గెలల లోడుతో తోట నుంచి నేరుగా రోడ్డెక్కే ట్రాక్టరు. మలుపు తిరగ్గానే గొర్రెల మంద. రంగు వేయని స్పీడ్ బ్రేకరు. కోతల కాలంలో తారు మీద ఆరబోసిన గింజలు. ఎర్రగుంట్ల వైపు పోతే సిమెంటు లారీలు, జమ్మలమడుగు వైపు బండల లారీలు, వాటి నుంచి రాలిన సన్న పొడి. వీటిలో ఒక్కదానికి కూడా టాప్ స్పీడుతో పని లేదు. ప్రతిదానికీ కావాల్సింది ఒకటే, టయానికి ఆగడం.

ఇప్పుడు చిన్న లెక్క చేద్దాం. భయపడొద్దండి, ఇంటర్ ఫిజిక్సే.

గంటకు 60 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. గొర్రెను చూసి, మెదడు గుర్తుపట్టి, వేళ్ళు బ్రేకు మీదికి పోయేసరికి ఒక సెకను పడుతుందనుకుందాం. ఆ సెకనులో బండి ఏమీ తగ్గకుండా 17 మీటర్లు పోతుంది. ఆ తర్వాత పొడి తారు రోడ్డు మీద, మంచి టైర్లతో, రెండు బ్రేకులూ సరిగ్గా వేస్తే సెకనుకు సెకనుకు 6 మీటర్ల చొప్పున వేగం తగ్గుతుంది. అలా ఆగడానికి ఇంకో 23 మీటర్లు. మొత్తం 40 మీటర్లు. క్రికెట్ పిచ్ 20 మీటర్లు కాబట్టి రెండు పిచ్‌లు.

అదే 80లో పోతుంటే? ఆలోచించే సెకనులో 22 మీటర్లు, బ్రేకులో 41 మీటర్లు, మొత్తం 63. మూడు పిచ్‌లు దాటింది. 100లో పోతే 28, 64 కలిపి 92 మీటర్లు. నాలుగున్నర పిచ్‌లు. 60 నుంచి 80కి పోతే వేగం పెరిగింది మూడో వంతే, ఆగే దూరం మాత్రం సగానికి పైగా పెరిగింది. ఎందుకంటే బ్రేకు వేసినాక పోయే దూరం వేగానికి వర్గంగా పెరుగుతుంది. వేగం రెట్టింపైతే ఆ దూరం నాలుగు రెట్లు.

ఇంతవరకు చాలామందికి తెలిసిందే. అసలు విషయం ఇందాక నేను వాడిన ఒక మాటలో ఉంది. "రెండు బ్రేకులూ సరిగ్గా వేస్తే" అన్నాను కదా. మన పల్లెల్లో రెండు బ్రేకులు వేసేవాళ్ళు ఎంతమంది?

"అబ్బీ, ముందు బ్రేకు ముట్టుకోవద్దు"

బండి నేర్పేటప్పుడు మా మామ నాకు చెప్పిన మొదటి పాఠం ఇది. మీకూ ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. "అబ్బీ, ముందు బ్రేకు ముట్టుకోవద్దు, పల్టీ కొడతావు. కాలి బ్రేకు ఒక్కటి చాలు." దాంతో ఏండ్ల తరబడి కుడి చేతి బ్రేకును అద్దం మాదిరి అలంకారానికి పెట్టుకొని తిరిగే జనం ఉన్నారు.

బస్సు సడన్‌గా ఆగితే మనం ముందుకు తూలుతాం కదా. బండి ఆగేటప్పుడు కూడా బరువంతా ముందుకు తూలుతుంది. లెక్క వేసి చూద్దాం. బండీ మనిషీ కలిపి 220 కిలోలు. మామూలుగా నిలబడి ఉన్నప్పుడు ముందు చక్రం మీద సుమారు 100 కిలోలు, వెనక చక్రం మీద 120. రెండు చక్రాల మధ్య దూరం 1.35 మీటర్లు, బరువు కేంద్రం నేల నుంచి 65 సెంటీమీటర్ల ఎత్తు అనుకుంటే, ఇందాక చెప్పినంత గట్టిగా బ్రేకు వేసినప్పుడు అరవై కిలోలకు పైగా వెనక నుంచి ముందుకు మారిపోతుంది. అప్పుడు ముందు చక్రం మీద 160, వెనక చక్రం మీద 60.

టైరు రోడ్డును పట్టుకునే బలం దాని మీదుండే బరువును బట్టి ఉంటుంది. అంటే బండి ఆగాల్సిన సమయానికి ఆపే శక్తిలో ముప్పావు వంతు ముందు చక్రం దగ్గర ఉంది. మనమేమో కాలితో వెనక చక్రాన్ని తొక్కుతున్నాం. అక్కడ బరువే లేదు. అందుకే అది పట్టకుండా జారుతుంది, వెనక భాగం పక్కకు కొట్టుకుంటూ పోతుంది.

వెనక బ్రేకు ఒక్కదానితో ఎంత దూరంలో ఆగుతాం? అదే బండి, అదే రోడ్డు, అదే లెక్క పెడితే 60 వేగంలో బ్రేకు దూరం 23 మీటర్లు కాస్తా దాదాపు 50 అవుతుంది. ఆలోచించే సెకను కలిపితే 67 మీటర్లు. ఇందాక 80లో రెండు బ్రేకులతో ఆగే దూరం ఎంత? 63. చూసినారా? కాలి బ్రేకు ఒక్కటే వాడుతూ నిదానంగా 60లో పోతున్నా అనుకునే పెద్దమనిషి, 80లో పోయే కుర్రోడి కంటే ఎక్కువ దూరంలో ఆగుతాడు.

ఇంకో మాట. రెండు బ్రేకులు వేసినవాడు 40 మీటర్ల దగ్గర ఆగి నిలబడతాడు. కాలి బ్రేకు ఒక్కటే వేసినవాడు సరిగ్గా అదే చోట ఇంకా గంటకు 44 కిలోమీటర్ల వేగంతో పోతుంటాడు. అక్కడ ట్రాక్టరు అడ్డంగా ఉంటే ఒకడు చెమట తుడుచుకుంటాడు, ఇంకొకడు ఆస్పత్రికి పోతాడు. ఈ తేడా కొత్త బండి కొంటే వచ్చేది కాదు. ఇప్పుడు మీ ఇంటి ముందరుండే బండి మీదే, కుడి చెయ్యి రెండు వేళ్ళ దగ్గర ఉంది.

మరి పెద్దోళ్ళు ఊరికే చెప్పినారా? కాదు. వాళ్ళ కాలానికి అందులో నిజం ఉంది. ముందు సైకిలు తొక్కి బండికి వచ్చినవాళ్ళు. సైకిలు తేలిక, మనిషి ఎత్తులో కూర్చుంటాడు, ముందు బ్రేకు గట్టిగా పడితే నిజంగానే పల్టీ కొడుతుంది. అప్పటి దారులు మట్టి, గులకరాళ్ళు. అరిగిన టైరుతో, హ్యాండిలు తిప్పి ఉన్నప్పుడు ఇసుక మీద ముందు బ్రేకు లాగితే చక్రం జారి పడేస్తుంది. ఇప్పటికీ పడేస్తుంది. కాబట్టి పాఠాన్ని పారేయొద్దు, సరిదిద్దుకుందాం. బండి నిటారుగా, హ్యాండిలు తిన్నగా ఉన్నప్పుడు ముందు బ్రేకు పట్టాలి. ఒక్కసారిగా లాగకూడదు, చీనీకాయ పిండినట్టు మెల్లగా మొదలుపెట్టి బిగించుకుంటూ పోవాలి. బరువు ముందుకు రావడానికి క్షణం పడుతుంది, ఆ క్షణం దానికి ఇవ్వాలి. మట్టి రోడ్డులో, మలుపులో ఉన్నప్పుడు ముందు బ్రేకును చాలా తేలిగ్గా వాడాలి, వేగం మలుపుకు ముందే తగ్గించుకోవాలి.

ఆదివారం: బెంగళూరులో జావా డే

ఆదివారం కూడా వెలుగు రాగానే బయల్దేరి కదిరి, గోరంట్ల మీదుగా కొడికొండ చెక్‌పోస్టు దగ్గర హైదరాబాద్–బెంగళూరు హైవే ఎక్కినాం. బాగేపల్లి, చిక్కబళ్ళాపురం దాటి బెంగళూరు. రాత్రి ప్రయాణం పెట్టుకోలేదు. ఆ రోజు రాత్రి అక్కడే ఒక ఫ్రెండు రూంలో పడుకొని సోమవారం తిరిగొచ్చినాం. అలసిపోయిన కంటికి ఇందాకటి ఒక సెకను రెండు సెకన్లవుతుంది. 60 వేగంలో ఆ అదనపు సెకను ఖరీదు ఇంకో 17 మీటర్లు.

జావా కథ రెండు ముక్కల్లో చెప్తా. 1929లో చెకోస్లొవేకియాలో యానెచెక్ అనే ఆయన వాండరర్ కంపెనీ బండి డిజైను తీసుకొని మొదలుపెట్టినాడు. రెండు పేర్లలోని మొదటి ఇంగ్లీషు అక్షరాలు కలిపితే జావా. మన దేశంలో మైసూరులోని ఐడియల్ జావా ఫ్యాక్టరీలో 1961 నుంచి తయారైనాయి. 1973 నుంచి యెజ్డీ పేరుతో వచ్చినాయి. 1996లో ఫ్యాక్టరీ ఆగిపోయింది. 2018లో జావా పేరు, 2022లో యెజ్డీ పేరు కొత్త కంపెనీ చేతిలో మళ్ళీ రోడ్డెక్కినాయి.

పాత జావా ముందర నిలబడితే ఇంజనీరు మనసు ఆగదు. కిక్ కొట్టే రాడ్డే గేరు మార్చే రాడ్డు. ఒకే ముక్కకు రెండు పనులు. ఒక్క సిలిండరుకు రెండు సైలెన్సర్లు. టూస్ట్రోక్ ఇంజను, ఆ టుప్ టుప్ శబ్దం వింటే సగం మంది వాళ్ళ నాయన గురించి మాట్లాడటం మొదలుపెడతారు. కానీ నేను ఈసారి వంగి చక్రాల మధ్యలో చూసినా. రెండు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. పైగా టూస్ట్రోక్ కాబట్టి యాక్సిలరేటర్ వదిలితే ఇంజను బండిని పట్టి ఆపడం కూడా తక్కువ. మన ఫోర్‌స్ట్రోక్ బండ్లలో గేరు దించితే దొరికే ఆ పట్టు అందులో అంతగా దొరకదు.

అక్కడ హిందూపురం నుంచి వచ్చిన ఒక పెద్దాయన కనపడినాడు. యెజ్డీ పక్కన స్టూలు వేసుకొని కూర్చున్నాడు. మన యాస వినగానే, "యా ఊరు నాయనా?" అన్నాడు. పులివెందుల పక్కన లింగాల అని చెప్పి అడిగినా.

"పెద్దాయనా, దీని బ్రేకులు ఎట్లుంటాయి?"

నవ్వినాడు. "మైలేజీ అడగకుండా బ్రేకు అడిగినోడివి నువ్వే నాయనా. బ్రేకుదేముంది, పట్టినప్పుడు పడుతుంది. నేను బ్రేకును నమ్మి నడపలా. ముందరుండే జాగాను నమ్మి నడిపినా."

నాకు ఆ షో మొత్తంలో దొరికిన మంచి మాట అదే. ముందరుండే జాగా. దాన్ని కొలిచే పద్ధతి చాలా సులభం. ముందు పోయే లారీ ఒక వేపచెట్టును దాటగానే లెక్క మొదలుపెట్టండి. వెయ్యిన్నొకటి, వెయ్యిన్నొకట్ల రెండు, అలా నిదానంగా మూడు దాకా. మూడు పూర్తికాకముందే మీరు ఆ చెట్టు దగ్గరికి వస్తే ఎక్కువ దగ్గరగా పోతున్నట్టు. 60 వేగంలో మూడు సెకన్లంటే 50 మీటర్లు. రెండు బ్రేకులు వాడేవాడికి 40 చాలు కాబట్టి లారీ ఉన్నచోటే ఠక్కున నిలిచిపోయినా సరిపోతుంది. కాలి బ్రేకు ఒక్కటే వాడేవాడికి 67 కావాలి కాబట్టి సరిపోదు. వాన పడినా, వెనక ఇంకొకరు కూర్చున్నా ఇంకో రెండు సెకన్లు కలుపుకోండి.

ఆ వేడి యాడికి పోతుంది

డ్రమ్ము బ్రేకు అంటే గుండ్రటి డబ్బా. లోపల రెండు బ్రేక్ షూలు విచ్చుకొని డబ్బా గోడకు ఒరుసుకుంటాయి. డిస్క్ అంటే బయటికి కనపడే రేకు, దాన్ని రెండు ప్యాడ్లు నొక్కుతాయి. రెండూ చేసే పని ఒకటే, బండి వేగాన్ని వేడిగా మార్చడం.

ఎంత వేడి? 220 కిలోల బరువు 80 వేగం నుంచి ఒక్కసారి ఆగితే పుట్టే వేడి సుమారు 54 కిలోజౌళ్ళు. దానితో ఒక గ్లాసు, అంటే 200 మిల్లీలీటర్ల నీళ్ళను 30 డిగ్రీల నుంచి 95 డిగ్రీల దాకా కాచొచ్చు. టీకి సరిపోయే నీళ్ళు. కడప నుంచి రాయచోటి పోయే దారిలో గువ్వలచెరువు ఘాటు దిగుతూ కాలు తీయకుండా బ్రేకు తొక్కి పెడితే గ్లాసు మీద గ్లాసు కాచినట్టే. డబ్బాలో ఆ వేడి త్వరగా బయటికి పోదు. షూ పట్టు తగ్గిపోతుంది, ఎంత తొక్కినా బండి ఆగదు. డిస్కుకు గాలి తగులుతుంది కాబట్టి త్వరగా చల్లారుతుంది. డ్రమ్ము ఉన్నవాళ్ళు ఘాటు దిగేటప్పుడు చిన్న గేరులో దిగాలి, బ్రేకు పట్టి వదులుతూ పోవాలి, ఇంజను ఆపి దిగడం మాత్రం చేయకూడదు.

ఇక్కడ మన ఊరి సంగతి ఒకటి ఉంది. ఆ వేడిని తట్టుకోవడానికి ఒకప్పుడు బ్రేక్ షూ లైనింగులో రాతినార, అదే ఆస్‌బెస్టాస్, కలిపేవాళ్ళు. ఆ రాతినార గనులు మన పులివెందుల ప్రాంతంలోనే, బ్రాహ్మణపల్లె, లోపట్నూతల వైపు ఉండేవి. దాని దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే ఏండ్ల తర్వాత ప్రాణాంతకమైన జబ్బులు వస్తాయని తేలినాక 1986లో ప్రభుత్వం కొత్త గనుల లీజులు ఆపేసింది. ఇప్పుడు ఎందుకు చెప్తున్నానంటే, పాత బండ్లు బాగుచేసుకునే పిల్లోళ్ళు డ్రమ్ము విప్పి నోటితో ఉఫ్ అని దుమ్ము ఊదుతుంటారు. పాత స్టాకు షూలలో ఏముందో మనకు తెలియదు. ఊదొద్దు, ఎయిర్ పైపు కొట్టొద్దు. తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్లో కట్టి పారేయండి.

ఏబీఎస్, సీబీఎస్ అంటే

ఇక కొత్త బండ్లకు వద్దాం. 2018 ఏప్రిల్ 1 నుంచి కొత్త మోడళ్ళకు, 2019 ఏప్రిల్ 1 నుంచి అన్ని మోడళ్ళకు 125 సీసీ దాటితే ఏబీఎస్ తప్పనిసరి చేసినారు. 125, అంతకు లోపల అయితే సీబీఎస్ అయినా ఉండాలని అప్పుడు పెట్టినారు.

సీబీఎస్ అంటే కాలి బ్రేకు తొక్కితే ముందు బ్రేకు కూడా కొంత పడుతుంది. స్కూటర్లో అయితే ఎడమ చేతి బ్రేకు. ఆలోచించండి, ముందు బ్రేకు ముట్టుకోని జనం కోసమే పెట్టినట్టుంది కదా. కానీ అది కొంతే. పూర్తిగా కావాలంటే కుడి చెయ్యి వాడాల్సిందే.

ఏబీఎస్ నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళకు బాగా అర్థమయ్యే వస్తువు. చక్రానికి పళ్ళున్న రింగు ఉంటుంది, పక్కన సెన్సరు ఆ పళ్ళను లెక్కపెడుతూ ఉంటుంది. చక్రం ఉన్నట్టుండి తిరగడం మానేయబోతే చిన్న కంప్యూటరు బ్రేకు ఒత్తిడి వదిలి, మళ్ళీ పట్టి, మళ్ళీ వదులుతుంది. సెకనుకు ఎన్నోసార్లు. అప్పుడు లీవరు దగ్గర టకటక కొట్టుకున్నట్టుంటుంది. చాలామంది అది రిపేరు అనుకొని బ్రేకు వదిలేస్తారు. వదలొద్దు, అది దాని పని అది చేస్తోంది. సింగిల్ చానల్ అయితే ముందు చక్రానికే, డ్యుయల్ చానల్ అయితే రెండింటికీ ఉంటుంది. గులకరాళ్ళ మీద ఏబీఎస్ దూరాన్ని తగ్గిస్తుందని చెప్పలేం, చక్రం పట్టేసి మిమ్మల్ని పడేయకుండా మాత్రం చూస్తుంది.

షోలో మాడిఫై చేసిన బండ్లు చూసి ముచ్చటపడతాం. లావు టైరు, మడ్‌గార్డు లేకుండా, అద్దాలు లేకుండా. స్టాండు మీద అందంగానే ఉంటాయి. కానీ కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషనుకు విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెప్తుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఏ టైరుకు ఏ బ్రేకు అని లెక్క కట్టి తయారుచేసిన బండి అది. టైరు మారిస్తే ఆ లెక్క మారిపోతుంది.

పది నిమిషాల సాధన

బండ్లు తక్కువగా తిరిగే తిన్నటి సిమెంటు రోడ్డు చూసుకోండి. హెల్మెట్, బూట్లు వేసుకోండి. 2022లో హెల్మెట్ లేకుండా చనిపోయినవాళ్ళు 50,029 మంది, కాబట్టి సాధనకైనా సరే హెల్మెట్ లేకుండా వద్దు. దాని మీద ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 4151 అనే నంబరు ఉండాలి. 2021 జూన్ 1 నుంచి ఆ గుర్తు లేని హెల్మెట్ అమ్మడమే నేరం.

20 వేగంలో రండి. నేల వైపు కాకుండా ముందుకు చూడండి. కాలి బ్రేకు తేలిగ్గా, చేతి బ్రేకు మెల్లగా బిగిస్తూ ఆగండి. ఆగబోయే ముందు క్లచ్ పట్టండి. పదిసార్లు చేయండి. చెయ్యి అలవాటు పడినాక 30, తర్వాత 40. రోడ్డు మీద ఒక చాక్‌పీసు గీత గీసి అక్కడ బ్రేకు మొదలుపెడితే ఎన్ని అడుగుల్లో ఆగుతున్నారో మీకే తెలుస్తుంది. కాలి బ్రేకు ఒక్కదానితో 20 వేగంలో ఒక్కసారి ఆగి చూడండి, తేడా నేల మీదే కనపడుతుంది. ఇంట్లో అమ్మ, అక్క స్కూటరు నడుపుతుంటే వాళ్ళతో కూడా చేయించండి.

బండి విషయంలో చూసుకోవాల్సినవి నాలుగు. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైంది అని. గాడుల మధ్య చిన్న దిమ్మెలు ఉంటాయి, రబ్బరు వాటి దాకా అరిగితే టైరు మార్చాలి. గాలి ఒత్తిడి ప్రయాణానికి ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. డిస్క్ బ్రేకు ఆయిలు గాలిలో తేమ పీల్చుకుంటుంది, రెండేళ్ళకొకసారి మార్పించాలి. ఇవన్నీ కలిపినా సైలెన్సరు మార్చేంత ఖర్చు కాదు.

షోలకు పోండి. బండ్లను చూడండి, ఫొటోలు దిగండి, ఆ శబ్దం వినండి. కొత్త బండి పక్కన నిలబడిన సేల్స్ అబ్బాయిని ఈసారి ఇంకో రెండు ప్రశ్నలు కూడా అడగండి. ముందు డిస్కా, డ్రమ్మా? ఏబీఎస్ సింగిలా, డ్యుయలా? పది మంది అడిగితే పదకొండో వాడికి ఆయన అడగకుండానే చెప్తాడు.

వచ్చే వారం చైన్ గురించి మాట్లాడుకుందాం. అంతవరకు ముందర జాగా పెట్టుకొని నడపండి. ఉంటా మరి.